చూసే హక్కు, చెరిపే హక్కు: బ్యాకప్ నిర్వహణ కన్సోల్ దూర క్లయింట్లకు అందిన క్రమం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
కంప్యూటర్లలోని సమాచారానికి మారుప్రతులు తీసి భద్రపరిచే ప్రక్రియను బ్యాకప్ అంటారు. ఆ ప్రతులను ఎప్పుడు తీయాలి, ఎక్కడ ఉంచాలి, ఎప్పుడు తొలగించాలి అన్నది నిర్ణయించే నియంత్రణ స్థానం కన్సోల్. 1950లలో ఒక గదికే పరిమితమైన ఈ స్థానం 1980ల నుంచి నెట్‌వర్క్ మీదికి, ఆపైన ఎక్కడి నుంచైనా తెరవగల తెర మీదికి చేరింది. ఈ క్రమంలో ప్రతిని చూసే హక్కు, దానిని చెరిపే హక్కు ఒకే తాళంచెవి కిందికి వచ్చాయి. వాటిని మళ్లీ విడదీయడానికి జరిగిన ప్రయత్నాలే ఈ రంగ చరిత్రకు ఇరుసు వంటివని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బ్యాకప్, కన్సోల్, క్లయింట్, టేపు, అధికార విభజన, డిజిటల్ గ్రంథాలయం.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధనలో ‘ప్రతి’ చాలా బరువైన మాట. తాళపత్ర ప్రతి, కాగితపు ప్రతి, శుద్ధప్రతి, శిథిలప్రతి అంటూ ఒక్కొక్క దానికి ఒక్కొక్క విలువ కట్టడం మన పరిష్కర్తలకు అలవాటు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. ప్రతుల సంఖ్య పెరిగేకొద్దీ గ్రంథం నశించే ప్రమాదం తగ్గుతుందన్నది ఆ కాలంలో అందరూ ఎరిగిన సంగతి. ఒక ఊళ్లో తాటాకులకు చెదలు పడితే మరో ఊళ్లోని ప్రతి మిగిలేది. ఆ రెండో ప్రతి మీద మొదటి ఊరివారికి ఏ అధికారమూ ఉండేది కాదు. దాన్ని చదవాలంటే అడగాలి, కాల్చాలంటే అక్కడిదాకా వెళ్లాలి.

యంత్రంలోని ప్రతులకు ఈ స్వభావం సహజంగా రాలేదు. పది భవనాల్లోని వంద యంత్రాల ప్రతులన్నిటినీ ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి చూడగలగాలన్నది నిర్వాహకుల కోరిక. అది న్యాయమైన కోరిక కూడా. అయితే చూడగలిగే చోటు నుంచే చెరపగలగడం కూడా సాధ్యమైంది. ఈ రెండూ ఎప్పుడు, ఎలా కలిశాయో కాలక్రమంలో చూడడం ఈ వ్యాస లక్ష్యం. సాంకేతిక చరిత్రను తెలుగు శాఖ అధ్యాపకుడు చర్చించడం కొందరికి వింతగా తోచవచ్చు. నేడు తెలుగు పరిశోధకులు ఆధారపడుతున్న పాత పుస్తకాలు, పత్రికల్లో అధికభాగం ఇటువంటి యంత్రప్రతులే కాబట్టి ఇది మన శాఖకు పరాయి విషయం కాదు. చివరి భాగంలో ఆ సంబంధాన్ని విడిగా పరిశీలిస్తాను.

2. రీలు, దాని వెనుక ఉంగరం

1951లో అమెరికా జనగణన సంస్థకు అందిన యూనివాక్ యంత్రం అయస్కాంత టేపును వాడింది. ఆ టేపు లోహంతో చేసినది. 1952లో ఐబీఎం తన 701 యంత్రంతో పాటు ప్రకటించిన 726 టేపు యూనిట్ ప్లాస్టిక్ టేపును వాడింది. ఒక్కో రీలులో సుమారు 20 లక్షల అంకెలు పట్టేవి. మొదట్లో టేపు బ్యాకప్ కోసం కాదు, అదే అసలు నిల్వ. నిన్నటి ఖాతాల టేపును, నేటి లావాదేవీల టేపును యంత్రానికి ఇస్తే కొత్త ఖాతాల టేపు తయారయ్యేది. కొత్తది చెడితే నిన్నటి టేపుతో మళ్లీ లెక్క కట్టవచ్చు. ఈ అలవాటు నుంచే ‘తాత–తండ్రి–కొడుకు’ పద్ధతి పుట్టింది. మూడు తరాల టేపులు ఉంచి, నాలుగో తరం రాగానే తాత టేపును మళ్లీ రాతకు వాడేవారు. తరువాతి కాలంలో ఈ బంధుత్వం రోజువారీ, వారపు, నెలవారీ ప్రతులకు వర్తించింది. సాంకేతిక పరిభాషలో ఇంత ఇంటిమాట దొరకడం అరుదు.

ఈ కాలానికి చెందిన ఒక చిన్న వస్తువు మీద నిలిచి ఆలోచించవలసి ఉంది. టేపు రీలు వెనుక వైపు మధ్యభాగంలో గుండ్రని గాడి ఉండేది. అందులో ఒక ప్లాస్టిక్ ఉంగరాన్ని అమరిస్తేనే యంత్రం ఆ టేపు మీద రాయగలిగేది. ఉంగరం తీసేస్తే చదవడమే తప్ప రాయడం, చెరపడం అసాధ్యం. ఉంగరం లేనిదే రాత లేదన్నది ఆపరేటర్లు నోటికి నేర్చుకునే తొలి సూత్రం. ప్రోగ్రాము ఎంత పొరపాటున రాసినదైనా, దాన్ని నడిపినవాడు ఎంత అధికారం కలవాడైనా, ఉంగరం లేని రీలును పాడుచేయలేడు. అందుకు ఒక మనిషి లేచి, నడిచి వెళ్లి, రీలు తీసి, ఉంగరం పెట్టాలి.

అప్పటి కన్సోల్ అదే గదిలో ఉండేది. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టమ్/360 యంత్రాలకు 1052 అనే టైపురైటర్ వంటి పరికరం కన్సోల్‌గా పనిచేసింది. ఫలానా టేపును ఫలానా యూనిట్‌లో ఎక్కించమని యంత్రం కాగితం మీద అచ్చువేసేది, ఆపరేటర్ ఆ పని చేసేవాడు. కన్సోల్ అన్న మాటకు ఐరోపాలో గోడకు ఆనించిన బల్ల, చర్చి ఆర్గన్ వాయించేవారి పీఠం అనే అర్థాలు ముందునుంచీ ఉన్నాయి. కూర్చునే చోటు, కదిలించే చోటు అన్న భావన అందులో ఉంది. ఆదేశం కన్సోల్ దగ్గర, ఉంగరం మనిషి చేతిలో. నాడు ఎవరూ దీన్ని అధికార విభజన అని పిలవలేదు కానీ ఆచరణలో అది అదే.

3. నమ్మిన పేరుకు తెరిచిన తలుపు

యూనిక్స్ వ్యవస్థలో ‘డంప్’ అనే ఆదేశం డిస్కులోని సమాచారాన్ని టేపుకు ఎత్తేది. 1980ల ప్రారంభంలో చిన్న యంత్రాలు పెరిగాయి కానీ ప్రతిదానికీ టేపు డ్రైవు కొనడం ఖర్చుతో కూడిన పని. 1983లో బర్కిలీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2 బీఎస్‌డీలో దీనికి పరిష్కారం కనిపిస్తుంది. ‘ఆర్‌డంప్’ ఆదేశంతో ఒక యంత్రంలోని సమాచారం నెట్‌వర్క్ గుండా మరో యంత్రానికి ఉన్న టేపు మీదికి వెళ్లేది. అవతలి వైపు ‘ఆర్‌ఎంటీ’ అనే చిన్న ప్రోగ్రాము టేపును తెరవడం, రాయడం, వెనక్కి తిప్పడం వంటి పనులు దూరం నుంచి వచ్చిన కోరిక ప్రకారం చేసేది. టేపు దూరాన ఉన్న క్లయింట్‌కు అందిన తొలి ముఖ్య సందర్భాల్లో ఇది ఒకటి.

కోరినవారు ఎవరన్నది ఎలా తెలుస్తుంది? నమ్మదగిన యంత్రాల పేర్లు ఒక ఫైలులో రాసి ఉంచేవారు. ఆ పేరుతో వచ్చిన కోరికకు పాస్‌వర్డ్ అడగకుండానే తలుపు తెరుచుకునేది. ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల మధ్య ఇది సరిపోయింది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ విడిచిన ‘వార్మ్’ ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకడానికి వాడుకున్న మార్గాల్లో ఇటువంటి పరస్పర విశ్వాసం కూడా ఒకటి. అది బ్యాకప్‌లను ఉద్దేశించినది కాదు. పేరును మాత్రమే చూసి తలుపు తీసే పద్ధతికి కాలం చెల్లిందని మాత్రం అది నిరూపించింది. ఆ తరువాత కూడా చాలాకాలం ఆ పద్ధతే కొనసాగింది. రాత్రి రెండు గంటలకు పాస్‌వర్డ్ కొట్టడానికి మనిషి ఉండడు గదా అన్నది నిర్వాహకుల సమాధానం.

4. కేంద్రం ఏర్పడడం

వంద యంత్రాలు ఎవరికి వారే టేపుకు ఎగబడితే పని జరగదు. వరుస నిర్ణయించే కేంద్రం అవసరమైంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ డా సిల్వా, ఓలఫర్ గుడ్మండ్‌సన్ రూపొందించిన ‘అమాండా’ను 1990ల తొలి సంవత్సరాల్లో పరిశోధనా వేదికలపై పరిచయం చేశారు. పలు క్లయింట్ల నుంచి ఒకేసారి సమాచారాన్ని ఒక మధ్యంతర డిస్కులోకి తెచ్చి, అక్కడి నుంచి టేపుకు ఎక్కించడం దాని ప్రత్యేకత. నెమ్మదిగా పంపే యంత్రాల కోసం టేపు ఆగి ఎదురుచూడవలసిన పని తప్పింది. పోయిన ఫైలును క్లయింట్ యంత్రం నుంచే వెతికి తెచ్చుకునే ఏర్పాటూ అందులో చేరింది. అంటే దూరాన ఉన్నవారికి కేంద్రంలోని సూచికను చూసే హక్కు లభించింది.

వ్యాపార రంగంలో ఇదే అవసరం మరో దారిలో తీరింది. క్రైస్లర్ కార్ల సంస్థ కోసం 1987లో కంట్రోల్ డేటా కార్పొరేషన్ ఇంజనీర్లు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ పలు చేతులు మారి, 1997లో వెరిటాస్ చేతికి వచ్చి ‘నెట్‌బ్యాకప్’ పేరుతో ప్రసిద్ధమైంది. దాని నిర్వహణ కన్సోల్‌ను వేరే యంత్రం మీద తెరవగలిగేవారు. అందుకు ఆ దూరపు యంత్రం పేరును ప్రధాన సర్వర్ ఉంచుకునే సర్వర్ల జాబితాలో చేర్చవలసి వచ్చేది. అంటే ఆ యంత్రం క్లయింట్ స్థాయి దాటి సర్వర్ హోదాలో విశ్వాసం పొందుతుందన్న మాట. మరోవైపు, ఏ వాడుకరికి ఏ పనులు అనుమతించాలో రాసే వేరొక ఫైలు కూడా ఉంది. ప్రధాన వాడుకరికి అన్నీ, మిగిలినవారికి తమ ఫైళ్ల బ్యాకప్, పునరుద్ధరణ మాత్రమే అన్నది అందులోని సహజ విభజన. విశ్వాసం యంత్రానికి ఒక రకంగా, మనిషికి మరో రకంగా ఉండడం ఇక్కడ గమనార్హం. దూరం నుంచి కన్సోల్ తెరుచుకోవడం లేదని విసిగిన నిర్వాహకులు రెండు ఫైళ్లలోనూ అన్ని హక్కులూ ఇచ్చి పని ముగించడం సులువు. ఆ సులువే తరువాతి కష్టాలకు మూలం.

ఈ తరంలో నా దృష్టిలో అత్యంత వివేకవంతమైన నిర్ణయం ఐబీఎం 1993లో తెచ్చిన ‘ఏడీఎస్ఎం’ వంశానికి చెందినది. తరువాత ‘టివోలీ స్టోరేజ్ మేనేజర్’గా పేరు మారిన ఈ సాఫ్ట్‌వేర్‌లో కొత్త క్లయింట్‌ను నమోదు చేసేటప్పుడు, అది తన బ్యాకప్ ప్రతులను తానే తొలగించవచ్చా అన్న ప్రశ్నకు ముందే ‘కాదు’ అని ఉంటుంది. నిర్వాహకుడు కావాలని మారిస్తే తప్ప ఆ హక్కు రాదు. క్లయింట్ తన ప్రతిని పంపవచ్చు, చూడవచ్చు, తిరిగి తెచ్చుకోవచ్చు, చెరపలేదు. టేపు వెనుక ఉంగరం చేసిన పనిని ఇక్కడ ఒక పదం చేసింది. అయితే ఆ పదాన్ని మార్చగల నిర్వాహకుడి కన్సోల్ మాత్రం నెట్‌వర్క్ మీదనే ఉంది.

5. దారికి కాపలా

1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను దొంగచాటుగా సేకరించిన దాడి జరిగింది. అక్కడి పరిశోధకుడు తాతు ఇలోనెన్ దానికి సమాధానంగా ‘ఎస్ఎస్‌హెచ్’ను రచించాడు. ఇరువైపుల మధ్య నడిచే సంభాషణను సంకేతలిపిలోకి మార్చడం దాని ప్రధాన ధర్మం. దానితో పాటు, ఇతర ప్రోగ్రాముల సంభాషణను కూడా తన సొరంగంలో నడిపించగల సామర్థ్యం దానికి ఉంది. కన్సోల్‌ను ప్రపంచానికి తెరవకుండా, లోపలికి రాదగినవారికి మాత్రం సొరంగం ఇవ్వడం దీనితో వీలైంది.

దీని ఉపయోగం ‘బాకులా’ ఉదాహరణతో బాగా అవగతమవుతుంది. కెర్న్ సిబాల్డ్ 2000లో మొదలుపెట్టి 2002లో బహిరంగంగా విడుదల చేసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది. రాత్రివేళ వచ్చే డ్రాక్యులాను తలపించేలా పేరు పెట్టారు. ఇందులో పనులు విడివిడి పాత్రలకు పంచబడ్డాయి. ఏ పని ఎప్పుడు జరగాలో నిర్ణయించేది డైరెక్టర్. క్లయింట్ యంత్రంలో ఉండి ఫైళ్లు చదివేది ఫైల్ డెమన్. ప్రతులను టేపు మీదో డిస్కు మీదో రాసేది స్టోరేజ్ డెమన్. వీటికి 9101, 9102, 9103 పోర్టులు. కన్సోల్ అనేది ఈ మూడింటికీ వెలుపల ఉండే నాలుగో పాత్ర. అది డైరెక్టర్‌తో మాత్రమే మాట్లాడుతుంది.

డెబియన్ వంటి పంపిణీల్లో డైరెక్టర్ మొదట 127.0.0.1 చిరునామా మీద మాత్రమే వింటుంది. అంటే తన యంత్రంలోని మాట తప్ప బయటి మాట దానికి వినపడదు. దూరపు యంత్రం నుంచి కన్సోల్ తెరవాలంటే ఆ చిరునామా మార్చాలి, అగ్నిగోడలో 9101 పోర్టు తెరవాలి, దూరపు యంత్రంలోని కన్సోల్ ఫైలులో డైరెక్టర్ పేరు, చిరునామా, పాస్‌వర్డ్ రాయాలి. మొత్తం కలిపి పది పంక్తులు ఉండవు. నిర్వాహకుల చర్చలు చాలావరకు ఈ పది పంక్తుల దగ్గరే మొదలై అక్కడే ముగుస్తాయి. కన్సోల్ తెరుచుకుంటే సమస్య తీరిందని భావిస్తారు. కానీ ఆ ఫైలులోని పాస్‌వర్డ్ సర్వాధికారాల పాస్‌వర్డ్. అది ఉన్న ప్రతి లాప్‌టాప్ డైరెక్టర్ కుర్చీయే.

బాకులా రూపకర్త దీనికి మందు ముందే ఉంచాడు. పేరున్న కన్సోల్ అనే మరో రకాన్ని నిర్వచించి, దానికి వేరే పాస్‌వర్డ్ ఇచ్చి, ఏ క్లయింట్లను చూడవచ్చో, ఏ పనులు నడపవచ్చో, ఏ ఆదేశాలు ఇవ్వవచ్చో విడివిడిగా జాబితాలు రాయవచ్చు. జాబితాలో లేనిదేదీ అనుమతించబడదు. గణాంక విభాగానికి తన యంత్రం ప్రతులు మాత్రమే కనపడతాయి, పునరుద్ధరణ ఆదేశం పనిచేస్తుంది, తొలగించే ఆదేశం పనిచేయదు. సర్వాధికార కన్సోల్‌ను మాత్రం 127.0.0.1 మీదనే ఉంచి, ఎస్ఎస్‌హెచ్ సొరంగం ద్వారా చేరడం ఉత్తమ మార్గం. దీనికి అదనంగా ఒక అరగంట పని. ఆ అరగంట వెచ్చించిన వ్యవస్థకు, వెచ్చించని వ్యవస్థకు మామూలు రోజుల్లో ఏ తేడా కనపడదు.

మరొక అంశం కూడా చెప్పాలి. బాకులాలో పిలుపు కేంద్రం నుంచి క్లయింట్‌కు వెళుతుంది. కాబట్టి క్లయింట్ చెడినా కేంద్రంలోని ప్రతులకు వెంటనే ముప్పు లేదు. కానీ ఫైల్ డెమన్ సాధారణంగా యంత్రంలోని అన్ని ఫైళ్లనూ చదివే అధికారంతో నడుస్తుంది, పునరుద్ధరణ కోసం రాసే అధికారమూ దానికి ఉంటుంది. కన్సోల్ చేజిక్కించుకున్నవాడు ప్రతులను మాత్రమే కాదు, క్లయింట్లన్నిటి అసలు ఫైళ్లనూ చదవగలడు, తిరగరాయగలడు. కేంద్రీకరణ ఇచ్చిన సౌకర్యానికి ఇది మరో ముఖం.

6. చూడనందువల్ల వచ్చిన నష్టం

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి కన్సోల్‌ను గదిలోనే బంధించి ఉంచడమే మేలని ఎవరైనా అనవచ్చు. ఆ వాదాన్ని 2017 జనవరి 31నాటి గిట్‌ల్యాబ్ సంస్థ అనుభవం ఖండిస్తుంది. ఆ రాత్రి ఒక ఇంజనీరు అలసిన స్థితిలో, ఒక సర్వర్‌లో చేయవలసిన తొలగింపును మరో సర్వర్‌లో చేశాడు. సుమారు 300 గిగాబైట్ల ప్రధాన డేటాబేస్ పోయింది. పేరుకు ఐదు రకాల బ్యాకప్ పద్ధతులు ఉన్నాయి, ఏదీ నమ్మదగిన స్థితిలో లేదు. డేటాబేస్ ప్రతి తీసే ప్రోగ్రాము సంచిక, డేటాబేస్ సంచిక వేర్వేరు కావడంతో ఆ పని విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని తెలిపే ఈమెయిళ్లు కూడా ప్రామాణీకరణ లోపం వల్ల తిరస్కృతమయ్యాయి. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం అనుకోకుండా చేతితో తీసిన ప్రతి ఒకటి మిగిలింది. దానితోనే సంస్థ కోలుకుంది, ఆ ఆరు గంటల సమాచారం పోయింది. జరిగినదంతా ఆ సంస్థే బహిరంగంగా ప్రకటించడం వల్ల ఈ వివరాలు లోకానికి తెలిశాయి. ఆ నిజాయితీ ఈ రంగంలో అరుదు.

ఇక్కడ లోపించినది చెరిపే హక్కుపై అదుపు మాత్రమే కాదు. బ్యాకప్ జరుగుతున్నదా లేదా అన్నది ఎవరి కళ్లకూ కనపడలేదు. నిన్న రాత్రి నా యంత్రానికి ప్రతి తీశారా అన్న ప్రశ్నకు ప్రతి క్లయింట్ యజమాని తన చోటి నుంచే సమాధానం చూడగలిగి ఉంటే, ఒక్క ఈమెయిల్ దారి మూసుకుపోయినంత మాత్రాన ఇంత నిశ్శబ్దం ఉండేది కాదు. కాబట్టి దూర క్లయింట్లకు కన్సోల్ అందుబాటులో ఉండాలన్న వాదం సౌకర్యానికి సంబంధించినది మాత్రమే కాదు, భద్రతకు సంబంధించినది కూడా. వివాదమంతా ఏ హక్కుతో అందుబాటు అన్న దగ్గరే.

7. కుర్చీ పరుల చేతికి చిక్కినప్పుడు

2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ మూతపడిన తీరు ఈ చరిత్రలో చీకటి ఘట్టం. ఇతరుల ప్రోగ్రాము మూలాలను భద్రపరచడమే ఆ సంస్థ వ్యాపారం. దాని సర్వర్లు, నిల్వలు, ప్రతులు అన్నీ అమెజాన్ క్లౌడ్‌లో ఉండేవి. అన్నిటికీ ఒకే నియంత్రణ పలక. ఒక దుండగుడు ఆ పలకలోకి ప్రవేశించి డబ్బు డిమాండ్ చేశాడు. సంస్థ పాస్‌వర్డ్‌లు మార్చి పలకను తిరిగి స్వాధీనం చేసుకోబోయేసరికి, అతడు ముందే సృష్టించి ఉంచుకున్న మరికొన్ని లాగిన్ల ద్వారా చేతికందినదల్లా తొలగించడం మొదలుపెట్టాడు. సుమారు పన్నెండు గంటల్లో చాలావరకు సమాచారం, యంత్రాల ప్రతిరూపాలు, వేరే చోట ఉన్నాయనుకున్న బ్యాకప్‌లు కూడా పోయాయి. ఖాతాదారులకు మిగిలినది ఇచ్చివేసి సంస్థ వ్యాపారం ఆపేసింది.

ప్రతులు భౌతికంగా వేర్వేరు డిస్కుల్లో ఉన్నాయి. వాటిని చెరిపే అధికారం మాత్రం ఒకే పలకలో ఉంది. ఏ ఊరికి ఆ ఊరే అన్న తాళపత్రాల నాటి దూరం ఇక్కడ చెల్లలేదు. కిలోమీటర్లలో ఎంత దూరమైనా, ఒకే లాగిన్‌కు లోబడిన రెండు ప్రతులు ఒకే గూట్లో ఉన్నట్టే.

ఆ తరువాత పదేళ్లలో బందిపోటు సాఫ్ట్‌వేర్ ముఠాలు ఈ విషయాన్ని బాగా గ్రహించాయి. ముందు బ్యాకప్ కన్సోల్‌ను వెతికి, ప్రతులను నాశనం చేసి, అటుపైన అసలు సమాచారానికి తాళం వేసి డబ్బు అడగడం వారి పద్ధతిగా మారింది. 2023 మార్చిలో వీమ్ సంస్థ తన బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపాన్ని ప్రకటించి సవరణ విడుదల చేసింది. సర్వర్ వినే 9401 పోర్టును చేరగలిగినవారు ఏ గుర్తింపూ చూపకుండానే లోపల దాచిన లాగిన్ వివరాలను రాబట్టగలిగే లోపం అది. ముఠాలు దాన్ని వాడుకున్నట్టు ఆ తరువాత భద్రతా సంస్థల నివేదికల్లో వెల్లడైంది. లోపం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉంటుంది. ఆ పోర్టు ఎవరికి అందేలా ఉంది అన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది.

8. ఉంగరం మరో రూపంలో

రాసిన తరువాత చెరపలేని నిల్వ కొత్త ఆలోచన కాదు. అమెరికా స్టాక్ బ్రోకర్లు ఎలక్ట్రానిక్ రికార్డులు ఉంచదలిస్తే వాటిని తిరిగి రాయడానికి, చెరపడానికి వీల్లేని రూపంలో ఉంచాలని అక్కడి నియంత్రణ సంస్థ 1997లో నిబంధన విధించింది. 2022లో దానికి ప్రత్యామ్నాయంగా, ప్రతి మార్పునూ నమోదు చేసే పద్ధతినీ అనుమతించింది. ఎల్‌టీఓ టేపుల మూడో తరంలో ఒక్కసారి మాత్రమే రాయగల టేపు వచ్చింది. 2018 నవంబరులో అమెజాన్ తన ఎస్3 నిల్వకు ‘ఆబ్జెక్ట్ లాక్’ చేర్చింది. అందులో రెండు స్థాయిలు ఉన్నాయి. మొదటిదానిలో ప్రత్యేక అనుమతి ఉన్నవారు గడువుకు ముందే తొలగించవచ్చు. రెండోదానిలో గడువు తీరేవరకు ఖాతా మూల యజమాని కూడా ఆ ప్రతిని తొలగించలేడు, గడువు తగ్గించలేడు.

రీలు ఉంగరంతో దీన్ని పోల్చినప్పుడు ఒక భేదం స్పష్టమవుతుంది. ఉంగరాన్ని మనిషి ఎప్పుడైనా తిరిగి పెట్టవచ్చు, కాకపోతే గదిలోకి రావాలి. ఆబ్జెక్ట్ లాక్ రెండో స్థాయిలో గదిలోకి వచ్చినా ప్రయోజనం లేదు, కాలం గడవాలి. దూరం అడ్డుగా నిలవని లోకంలో దాని స్థానాన్ని కాలానికి అప్పగించారు. దీనికి మూల్యం ఉంది. పొరపాటున దాచిన పది టెరాబైట్ల పనికిరాని సమాచారానికి కూడా గడువు తీరేవరకు అద్దె కట్టాలి. ఒక వ్యక్తి తన వివరాలు తొలగించమని చట్టబద్ధంగా కోరినప్పుడు చెరపలేని ప్రతి మరో చిక్కు తెస్తుంది. అయినా కన్సోల్‌ను దూర క్లయింట్లకు నిశ్చింతగా తెరవాలంటే, కన్సోల్ నుంచి చేయలేని పని ఒకటి ఉండి తీరాలన్న నిర్ణయానికి ఈ రంగం అరవై ఏళ్లకు తిరిగి వచ్చింది.

9. తెలుగు పుస్తకాల ప్రతి

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉండి పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకు నాయకత్వం వహించినవారిలో ముఖ్యుడు. ఆ ప్రాజెక్టు భారతీయ శాఖ వంటిది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఇందులో ప్రధాన పాత్ర వహించాయి. వేల తెలుగు పుస్తకాలు ఈ ప్రయత్నం వల్ల తెర మీదికి వచ్చాయి. గ్రంథాలయాల్లో పెళుసుబారిన పుటలను ముట్టుకోనివ్వని రోజుల్లో ఇది పరిశోధకులకు వరమైంది.

2017 ప్రాంతంలో ఆ గ్రంథాలయపు వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయింది. అప్పటికే కార్ల్ మాలముడ్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ అందులోని నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించింది. నేడు అనేక తెలుగు పరిశోధనా వ్యాసాల పాదసూచికల్లో కనిపించే పాత ముద్రణలను పరిశోధకులు చదివినది ఆ ప్రతుల్లోనే. కాపీరైటు కోణంలో ఆ ఎక్కింపుపై వాదాలు ఉన్నాయి, అవి మరో వ్యాసానికి తగిన విషయం. ఈ వ్యాస దృష్టిలో ముఖ్యమైనది నిర్మాణం. రెండో చోటి ప్రతి మొదటి చోటి నిర్వాహకుల కన్సోల్‌కు లోబడి లేదు. మొదటి చోట తలుపు మూసుకున్నా రెండో చోట పుస్తకం నిలిచింది. అనంతపురంలోనో ఆట్లాంటాలోనో కూర్చున్న పాఠకుడికి ఆ పుస్తకాన్ని చూసే హక్కు పూర్తిగా ఉంది, చెరిపే హక్కు రవ్వంత కూడా లేదు.

2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద కూడా దాడి జరిగింది. మూడు కోట్లకు పైగా వాడుకరుల ఖాతా వివరాలు బయటపడ్డాయి, సేవలు కొన్ని రోజులు నిలిచిపోయాయి. సంస్థ సేవలను దశలవారీగా తిరిగి తెరిచింది. పాత వెబ్‌పుటల విభాగాన్ని ఆ నెల మధ్యలోనే చదవడానికి మాత్రమే వీలయ్యేలా తెరిచారు. మరో వారానికి పుస్తకాల విభాగం కూడా అదే పద్ధతిలో పాఠకులకు అందింది. కొత్త పుస్తకాలు ఎక్కించేవారు ఇంకొంత కాలం వేచి ఉండవలసి వచ్చింది.